ఆరు సెట్లు

ఎనభైల్లో నేను నల్లకోటు తొడిగినప్పుడు బోధన్ కోర్టులో మాకు దొరికేవన్నీ చెరకు తోటల గట్టు తగాదాలే. పదిహేనేళ్లు ఆ గట్ల మీద నడిచి విసిగిపోయాను. కంప్యూటర్ల మీద కొత్త చట్టం వచ్చిందని తెలియగానే పోస్టులో ఒక డిప్లొమా చదివి, నిజామాబాద్‌లో గది అద్దెకు తీసుకుని, బోర్డు మీద ‘సైబర్ లా’ అని పెద్దక్షరాలతో రాయించాను.

"ఏమన్నా, మౌస్ వకాలత్ ఇచ్చిందా?" అని తోటి వకీళ్లు ఆటపట్టించేవాళ్లు. నవ్వేవాణ్ణి గాని లోపల మండిపోయేది. ఒక్క కేసు దొరికితే వీళ్ల నోళ్లు మూయిద్దామని కాచుకుని కూర్చున్నాను.

ఆ కేసు బీడీలు చుట్టే ఒక ఇంటి నుంచి వచ్చింది. ప్రైవేటు బడిలో పంతులమ్మ, పాతికేళ్లుంటాయి, తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. ఏదో ఉద్యోగం దరఖాస్తు కోసం వాడలోని నెట్ సెంటర్‌లో ఫోటో స్కాన్ చేయించిందట. సెంటర్ నడిపేవాడూ, అతని దోస్తులిద్దరూ ఆ మొహాన్ని బట్టల్లేని ఇంకో ఒంటికి అతికించి, వచ్చినవాళ్లకు తెర మీద చూపిస్తున్నారు. ఒక ప్రింటు తీసి వీళ్ల గడపలో పడేశారు కూడా. ఠాణాకు పోతే, "కంప్యూటర్ల ఉన్న బొమ్మను మేమేం జేస్తమమ్మా" అని పంపేశారు.

నాలుగు మడతలు పెట్టిన ఆ కాగితాన్ని నా బల్ల మీద పెట్టింది.

"సార్, గిది ఇంకెవ్వరు చూడకుండ చెయ్యుండ్రి. గంతే. నాకింకేం వద్దు."

ఆ మాట నా చెవికెక్కలేదు. జిల్లాలో మొదటి సైబర్ కేసు నాదేనన్న సంబరంలో ఉన్నాను. రెండు రోజులు కూర్చుని ఫిర్యాదు రాశాను. కోర్టుకొకటి, ముద్దాయిలకు మూడు, పోలీసులకొకటి, నా ఫైలుకొకటి, మొత్తం ఆరు సెట్లు. కోర్టు గేటు ముందున్న జిరాక్స్ దుకాణానికి పోతూ మా గుమస్తా ఆగాడు.

"సార్, గీ బొమ్మ గూడ తియ్యాల్నా?"

"ప్రతి కాగితం ఆరు సెట్లని చెప్పలే?" అని కసిరాను.

ఆ బొమ్మను సీల్డ్ కవర్లో పెట్టి, జడ్జిగారొక్కరే చూడాలని అడగవచ్చు. అది నాకు తెలుసు. పేరు పేపర్లో పడే తొందరలో ఆ ఆలోచనే రాలేదు.

కోర్టు ఆదేశంతో పోలీసులు కదిలారు. సెంటర్‌కు తాళం పడింది, కంప్యూటర్ జప్తయింది. పేపర్లో నా పేరు వచ్చింది. ఆటపట్టించినవాళ్లే పిలిచి చాయ్ తాగించారు. ఇప్పటికీ లా కాలేజీల్లో ప్రైవసీ మీద మాట్లాడమని పిలిచి, ఆ కేసు చెప్పే నన్ను పరిచయం చేస్తారు. తర్వాత జరిగింది నేను ఎక్కడా చెప్పను.

పేపర్లో నా పేరు పడ్డ పది రోజులకు ఆమె ఒక్కతే వచ్చింది. ఈసారి బల్ల మీద పెట్టిన కాగితం నల్లటి జిరాక్స్, వెనక మైదాపిండి జిగురు ఇంకా ఆరలేదు. తల్లి బీడీలు అప్పగించే కార్ఖానా గోడ మీద ఎవరో అంటించారట. తల్లే చూసి, చింపి తెచ్చింది. పై మూలన సున్నా చుట్టి, దాంట్లో 3 అంకె ఉంది. నా ఫిర్యాదులో ఆ బొమ్మ మూడో దస్తావేజు. ఆ అంకె నా చేతిరాత.

ముద్దాయిల సెట్టో, జిరాక్స్ దుకాణంలో మిగుల్చుకున్నదో, ఎక్కడి నుంచి పోయిందో నాకు ఈనాటికీ తెలియదు.

"సార్, మీరెన్ని తీసిండ్రు?"

"ఆరు. రూలు అట్ల ఉందమ్మా."

"వాండ్లు ఒక్కటే తీసిండ్రు సార్."

ఏడవలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. బడివాళ్లు రావద్దన్నారని చెప్పి, కేసు వద్దని రాసిన కాగితం మీద సంతకం పెట్టి వెళ్లిపోయింది.

ఆ కాగితం కోర్టులో వెయ్యాలన్నా ఆరు సెట్లు కావాలి. జిరాక్స్‌కు తీసుకుపోదామని గుమస్తా చెయ్యి చాపాడు. ఇవ్వలేదు. తలుపు వేసుకుని, ఆరూ నేనే చేత్తో రాశాను.