ఎర్ర కారుకి పీత వైద్యం

ఆ రోజుల్లో నాకు రాని పని లేదని నా గట్టి నమ్మకం. ఇరవై రెండేళ్ల వయసు, పోర్టులో స్టోర్సు గుమాస్తా ఉద్యోగం, జేబులో రెండు పెన్నులు, చేతిలో డైరీ (అప్పటి నుంచి ఇప్పటి దాకా ఒక్క పేజీ ఖాళీ వదల్లేదు, జ్వరం వచ్చిన రోజున జ్వరమెంతో రాశాను). ఇన్ని ఉన్నవాడికి ప్రపంచంలో ఏ వస్తువైనా లొంగి తీరుతుందనుకునేవాణ్ణి. లొంగనిది ఒకటి మా మామయ్య అలమరలోనే ఉందని నాకేం తెలుసు.

మామయ్య పోర్టులో క్రేన్ నడిపేవాడు. నేను మల్కాపురంలో ఆయనింట్లోనే ఉండేవాణ్ణి. ఓ విదేశీ ఓడలో ఇంజనీరు ఆయనతో స్నేహం కలిసి, ముక్కలుగా డబ్బాలో పెట్టిన ప్లాస్టిక్ కారు ఒకటి ఎప్పుడో ఇచ్చి వెళ్లాడు. జానెడు పొడవు, ఎర్ర రంగు. బానెట్ ఎత్తితే లోపల ఇంజను కనబడాలి, తలుపులు తెరుచుకోవాలి. టన్నుల బరువుని కోడిగుడ్డు దించినట్టు దించే మామయ్య, ఆ ముక్కలు అతికించేటప్పుడు మాత్రం జిగురు ట్యూబు మొత్తం పిండేశాడు. బానెట్ మూసుకుపోయింది, తలుపులు బిగిసిపోయాయి, చక్రాలు తిరగడం మానేశాయి. ఏళ్లు గడిచాక ఇప్పుడు ఆ ఓడ మళ్లీ వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం ఇంజనీరు భోజనానికి వస్తానన్నాడు.

"ఆయనొచ్చి బానెట్ ఎత్తబోతే ఏటవుద్దిరా అల్లుడూ? నా పరువు పోద్ది," అన్నాడు మామయ్య. నాకు వదిలేయమన్నాను. అది బుధవారం.

గురువారం, మొదటి పద్ధతి: వేడినీళ్లు. డైరీలో గీతలు గీసి, నిమిషాలు రాసుకుంటూ ముంచాను. జిగురు కదల్లేదు గానీ కారు పైకప్పు మెత్తబడి, అప్పుడే తల తీసిన దిండులా మధ్యలో గుంట పడింది. కిటికీలోంచి చిటికెనవేలు దూర్చి ఎలాగో పైకి నెట్టాను. శుక్రవారం, రెండో పద్ధతి: అత్తయ్య గోళ్లరంగు చెరిపే మందు. బంపరు మూల ఒక్క చుక్క వేశాను. జిగురు కన్నా ముందు బంపరు కరిగింది. అత్తయ్య నా భుజం మీంచి తొంగి చూసి, "మందు బాగానే పని సేత్తంది నాయినా, కారే తట్టుకోలేకపోతంది," అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

శనివారం ఆఫీసులో పక్క సీటువాడితో నా గోడు చెప్పుకున్నాను. వాళ్లది చేపల వేట కుటుంబం. ఫిషింగ్ హార్బర్లో వాళ్లకి ఐసుపెట్టెలు ఉండేవి కాబట్టి అందరం అతన్ని ఐసు బావ అనేవాళ్లం.

"ఏడి సేత్తే మెత్తబడద్ది గానీ ఊడద్దేటి బావా? సల్లబెట్టి సూడు. మా పెట్టికి అతికించిన ముక్కలు సలికి బిర్రబిగిసి, ఏలు తగిల్తే టక్కుమని ఊడిపోతాయి," అన్నాడు.

ఇది మూడో పద్ధతి. మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. సాయంత్రం కారుని కవర్లో చుట్టి వాళ్ల ఐసుపెట్టెలో పెట్టి, పొద్దున్నే ఆరింటికి తీయాలని రాసుకున్నాను. ఆరింటికి వెళ్లేసరికి పెట్టె ఉన్నచోట తడి మరక ఉంది. ఐసు బావ తల గోక్కుంటూ, "మాయమ్మ పెట్టి మొత్తం మార్కెట్టుకి ఎత్తుకెళ్లిపోనాది," అన్నాడు.

ఇస్త్రీ చొక్కాతో సైకిలెక్కి చేపల మార్కెట్టుకి ఎలా చేరానో నాకే తెలియదు. ఐసు బావ వాళ్లమ్మ నీలం పట్టా పరుచుకుని కూర్చుంది. పట్టా మీద రొయ్యలు ఓ పోగు, పీతలు ఓ పోగు. వాటి పక్కన బానెట్, తలుపులు, సీట్లు, ఇంజను, చక్రాలు, అన్నీ విడివిడిగా చిన్న చిన్న పోగులు. సంచీ పట్టుకున్న ఒకావిడ చక్రాల పోగు చూపించి, "ఇదేటి, కొత్త రకమా?" అని అడుగుతోంది.

"పీతల్లో సెయ్యెడితే ఇది తగిలింది బాబూ," అంది ఐసు బావ తల్లి నాతో. "డిప్ప బిగిసిపోయున్నాది. అలవాటుగా బొటనేలెట్టి లేపీసినాను, టక్కున వచ్చీసినాది. మిగతాయి సెయ్యాగక తీసీసినాను. నీదేటి?"

ఒక్క ముక్క విరగలేదు. నావి మూడు పద్ధతులు, పదకొండు పేజీలు. ఆమెకి ఇద్దరు బేరగాళ్ల మధ్య దొరికిన కాస్త తీరిక.

ఇంటికి తెచ్చి మూడుసార్లు సబ్బుతో కడిగాను. ముక్కల్ని స్టీలు పళ్లెంలో చూసి మామయ్య కొత్త జిగురు ట్యూబు వెతుకుతుండగానే ఇంజనీరు గుమ్మంలోకి వచ్చేశాడు. పళ్లెం చూశాడు, మామయ్యని చూశాడు, బూట్లు విప్పి నేల మీద చతికిలబడ్డాడు. ఒకరి భాష ఒకరికి సగమే తెలిసిన ఆ ఇద్దరూ, అత్తయ్య పిలుస్తున్నా లేవకుండా, అగ్గిపుల్ల కొనతో జిగురు అద్దుకుంటూ కారు మళ్లీ కట్టారు. బానెట్ లేచింది. ఇంజను కనబడింది. కరిగిన బంపరు మూల మామయ్య బొటనవేలు అడ్డం పెట్టి మరీ చూపించాడు. ఇంజనీరు కారుని రెండుసార్లు వాసన చూసి, వంటింటి వైపు తిరిగి చేపల కూర బాగుందన్నట్టు తలాడించాడు.

ఇంత శుభ్రంగా ఎవరు విప్పారని అడిగాడు. మామయ్య ఛాతీ విరుచుకుని, "మా అల్లుడే," అన్నాడు. నిజం చెప్పాల్సింది. నేను వినయంగా తల వంచాను (ఆ వినయం గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి). ఇంజనీరు సంతోషంగా సంచీ తెరిచి, రుమాల్లో చుట్టిన నీలం కారు ఒకటి తీశాడు. పదేళ్లప్పుడు సొంతంగా అతికించుకున్నదట. అందులోనూ అన్నీ బిగిసిపోయాయి. ఓడ మంగళవారం వెళ్లిపోతుంది. దాన్ని నా దోసిట్లో పెట్టాడు.

సోమవారం తెల్లారేసరికి నేను నీలం పట్టా ముందున్నాను. తల వంచిన సంగతితో సహా అంతా చెప్పాను. ఆ వరసలో ఆడవాళ్లందరూ కత్తిపీటలు వదిలేసి నవ్వారు.

"అయితే నీ సేత్తోనే ఇప్పు, అబద్ధం అబద్ధంగా ఉండిపోకుండా," అంది ఐసు బావ తల్లి. కారుని ఐసులో పూడ్చి, నన్ను బోర్లించిన గంప మీద కూర్చోబెట్టి, ముందు నాలుగు పీతలు ఇచ్చింది. రెండింటిని చితక్కొట్టాను. తర్వాత కారు అందించింది. "బొటనేలు ఇక్కడెట్టు. లాగకు. కొంచెం తిప్పు."

టక్.

నీలం కారు ముక్కల్ని ఓడ దగ్గర ఇంజనీరుకి అప్పగించి, ఆఫీసుకి గంట ఆలస్యంగా, పీతల వాసనతో వెళ్లాను. పెద్దగుమాస్తా కుర్చీని కిటికీ దగ్గరికి జరుపుకున్నాడు. నేను మాత్రం సాయంత్రం దాకా, పట్టా పుచ్చుకుని వచ్చినవాడిలా, నా బొటనవేలినే తిప్పి తిప్పి చూసుకుంటూ కూర్చున్నాను. పాపం, ఇరవై రెండేళ్ల ఆ కుర్రాడికి అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ ఏ పరీక్ష పాసైనా అంత గర్వం కలగలేదు.