రోట్లో పడిన ఏడు విమానాలు

మా తాత ముత్తెన్న పసుపు కొమ్ములతో యుద్ధవిమానాలు చేస్తాడంటే ఆర్మూరులో చాలామంది నమ్మరు. నేను నమ్ముతాను. వాటిని రోకలితో దంచినవాళ్లలో నేనూ ఒకదాన్ని.

తాత పంతొమ్మిదేళ్లకే వైమానిక దళంలో ఫిట్టర్‌గా చేరాడు. డెబ్బై ఒకటి యుద్ధంలో నాట్ అనే చిన్న ఫైటర్ విమానాలకు మరమ్మతులు చేశాడు. ఒక్కసారి కూడా వాటిలో ఎగరలేదు.

"ఎక్కనోనివి, నీకేం గొప్పలు తాతా?" అంటే, "పైన ఎగిరెటోని పానం నా చేతుల ఉంటుండెనే పిల్లా" అంటాడు.

దళం నుంచి వచ్చాక ముప్పయ్యేళ్లు పసుపు పాలిష్ పట్టే డ్రమ్ము దగ్గర పనిచేశాడు.

బోధన్‌లో ఉండే రహీం తాత దళంలో మా తాతకు జోడీ. ఒకరు స్పానర్ పడితే ఇంకొకరు టార్చి పట్టేవారట. మూడేళ్ల కింద షుగర్ జబ్బుతో రహీం తాతకు చూపు పూర్తిగా పోయింది. అప్పటి నుంచి మా తాతకు ఒకటే పిచ్చి. తామిద్దరూ పనిచేసిన విమానాల మైదానాన్ని మంచమంత చెక్క మీద కట్టాలి, రహీం దాన్ని వేళ్లతో చూడాలి. సిమెంటుతో రన్‌వే పోశాడు. ఇసుకలో జిగురు కలిపి, విమానాలు నిలిపే ఎనిమిది గూళ్లకు కట్టలు వేశాడు. ఇలాంటిదాన్ని డయోరమా అంటారట. నాయినమ్మ లసుమవ్వ మాత్రం బొమ్మరిల్లు అంటుంది.

ఉడికి, ఎండి, డ్రమ్ములో తిరిగిన పసుపు కొమ్ము ఎంత గట్టిదో తాతకు తెలుసు. వంకర లేని కొమ్ముల కోసం మార్కెట్లో కుప్పల ముందు పెళ్లిచూపులకు వచ్చినవాడిలా కూర్చునేవాడు. చిన్న కత్తితో చెక్కి, గరుకు కాగితంతో రుద్ది, నాలుగు నెలల్లో ఏడు విమానాలు చేశాడు. ఎనిమిదో గూడు ఖాళీ. అందులోంచి వెళ్లిన విమానం తిరిగి రాలేదు. పైలట్ కూడా.

"రంగెయ్యవా తాతా?"

"కండ్లు లేనోనికి రంగెందుకే? చేతికి తెలుస్తే చాలు."

మా అక్క సంధ్యారాణి పెళ్లికి రహీం తాత వస్తానన్నాడు. "ఇద్దరం డెబ్బై దాటినం. మల్ల కలుస్తమో లేదో. గీ పెండ్లిల వాడు పట్టి సూడాలె, గంతే" అన్నాడు తాత. రెక్కలను మందుల డబ్బాలో దాచాడు. పెళ్లికి ముందు రోజు విమానాల ఒళ్లకు నూనె రుద్ది, వరండాలో ఒక చాటలో ఆరబెట్టాడు. సాయంత్రం రెక్కలు అతికించవచ్చని, స్నేహితుణ్ణి తీసుకురావడానికి బస్టాండుకు వెళ్లాడు.

ఆ రోజే ఇంట్లో పసుపు దంచుతున్నారు. రోలుకూ రోకళ్లకూ కంకణాలు కట్టి, ముందు ఐదుగురు ముత్తైదువలు చెయ్యి వేస్తారు. వాళ్లు అలిసిపోయాక నాలాంటి పెళ్లికాని వాళ్లకు రోకలి ఇస్తారు. ఆ పసుపే పెళ్లికూతురికి పూస్తారు. ఫోటోలో బాగుండదని నాయినమ్మ కళ్లద్దాలు తీసేసింది. వరండాలో చాట కనిపించింది.

"ఎంత నున్నగున్నయే! గిసొంటి కొమ్ములు మార్కెట్ల సూడలే" అని మెచ్చుకుని, తన కొమ్ములతో కలిపి రోట్లో పోసింది.

నా వంతు వచ్చింది. పాడుతూ దంచుతుంటే ఒక ముక్క ఎగిరి నా పాదం మీద పడింది. తీసి చూశాను. నిలువుగా, పలుచగా చెక్కిన తోక.

"నాయినమ్మా, ఆపుండ్రి! గివి కొమ్ములు కావు, తాత విమానాలు!"

"పొద్దుగాల ఏం తిన్నవే?" అని ఆమె నా చేతిలోంచి రోకలి లాక్కుని ఇంకో దెబ్బ వేసింది.

కళ్లద్దాలు తెచ్చి ఆమె ముక్కుకు తగిలించాను. తోకను చూసింది. రోట్లోకి చూసింది. రోకలి వదిలేసి నేల మీద చతికిలబడింది.

అప్పుడే ఆటో ఆగింది. తాత రహీం తాత చెయ్యి పట్టుకుని లోపలికి వచ్చాడు. ఖాళీ చాట చూశాడు. రోలు చూశాడు. నా చేతిలో తోక చూశాడు. నడిపించుకొచ్చిన మనిషి భుజాన్నే ఆసరాగా పట్టుకున్నాడు.

"ఏమైంది బే?" అన్నాడు రహీం తాత.

"ఏం లేదు. ఎండ."

రహీం తాత మంచినీళ్లు కూడా ముట్టలేదు. "నడువ్ యార్, నీ మైదానం సూపెట్టు. నాలుగు నెలల సంది ఫోన్ల నా చెవులు తిన్నవ్."

తాత ఆ చేతిని తీసుకెళ్లి చెక్క మీద పెట్టాడు. వేళ్లు రన్‌వే వెంట నడిచాయి. "హాఁ, గిదే మలుపు" అని రహీం తాత నవ్వాడు. వేళ్లు మొదటి గూట్లో దిగాయి. రెండో గూట్లో. మూడో గూట్లో. నవ్వు తగ్గిపోయింది. ఎనిమిదీ తడిమాక ఆ చెయ్యి మళ్లీ మొదటి గూటికి వెళ్లింది.

"ముత్తెన్నా, ఒక్కటే కద బే పోయింది? తక్కినయి ఏడ వోయినయ్? ఎవ్వలు రాలేదా?"

చూపులేని కళ్లలోంచి నీళ్లు కారాయి. యాభై ఏళ్లుగా ఆయన మోస్తున్న ఆ రోజును మేము ఇంకా ఘోరంగా చేసి చేతికిచ్చాం.

"వచ్చినయ్ రా! ఏడుకేడు వచ్చినయ్!" తాత గట్టిగా అరిచాడు. "మా లసుమ దంచింది!"

"క్యా?"

"రోట్లేసి దంచిన రహీమన్నా" అంది నాయినమ్మ కొంగు నోట్లో కుక్కుకుంటూ. "మంచి కొమ్ములనుకున్న."

రహీం తాత ఆమె గొంతు వచ్చిన వైపు తిరిగాడు. "దుష్మన్ విమానాలతోని కాలే. నువ్వు ఒక్క పూటల ఏడింటిని కూల్చినవా వదినా?"

ఎవరూ నవ్వలేదు. ఆయనా నవ్వలేదు. ముఖం తుడుచుకున్నాడు.

"రెక్కలన్న ఉన్నయా?"

"ఉన్నయ్."

"మరి ఏడుపేంది బే? కొమ్ము తే. నువ్వు చెక్కు, నేను పట్టి చెప్త."

మర్నాడు పెళ్లి జరుగుతున్నంతసేపూ ఇద్దరూ పందిరి వెనకే ఉన్నారు. "ముక్కు లావున్నది. నీ ముక్కు సూస్కుంట చెక్కుతున్నవా?" అని ఒకరు, "నోరు మూస్కో, వేలు తెగుతది" అని ఇంకొకరు. ఫోటోకు పిలవడానికి నాయినమ్మ వచ్చింది.

"దంచినదానివి నువ్వే కద, నువ్వే దిగు పో" అన్నాడు తాత. ఆమె కళ్లద్దాలు తియ్యకుండానే ఫోటోకు వెళ్లిపోయింది.

అక్క అప్పగింతల వేళకు ఒక విమానం అయింది. రహీం తాత దాన్ని రెండు చేతులతో తడిమి, తానే మొదటి గూట్లో నిలిపి, ముక్కును రన్‌వే వైపు తిప్పాడు. గట్టిగా ఊపిరి వదిలాడు. పక్క గూడు ఎక్కడుందో వేళ్లతో వెతికి, అక్కడే ఒక చెయ్యి ఉంచి, రెండోది తాత వైపు చాపాడు.

"ఇంకో కొమ్ము తియ్ బే. నేను ఎల్లుండి పోత."