హెచ్ ఎప్పుడు సున్నా అయింది?

లెక్కలు వచ్చినవాడికి లోకమంతా వచ్చినట్టే అనుకునే వయసు ఒకటుంటుంది. ఆ రోజుల్లో నాకు ఇరవై మూడేళ్లు, కోదాడలో ఒక ప్రైవేటు కాలేజీలో కొత్తగా లెక్చరర్ ఉద్యోగం. మాడుగులపల్లిలో గొర్లు కాసే మా నాయన "మావోడు కాలేజీల సారు" అని బస్సు కండక్టర్లకు కూడా చెప్పేవాడు.

ఒకరోజు ఫస్ట్ ప్రిన్సిపుల్‌తో ఎక్స్ స్క్వేర్‌కు అవకలజం, అదే డెరివేటివ్, కనుక్కోవడం చెబుతున్నాను. ఎక్స్‌ను హెచ్ అంత పెంచి, వచ్చిన తేడాను హెచ్‌తో భాగించి, పైనా కిందా హెచ్‌లు కొట్టేసి, మిగిలిన టూ ఎక్స్ ప్లస్ హెచ్‌లో హెచ్ బదులు సున్నా వేసి చాక్‌పీసు దులుపుకున్నాను. మేళ్లచెరువు నుంచి వచ్చే లారీ డ్రైవర్ కూతురు లేచింది. "సార్, కొట్టేసేటప్పుడు హెచ్ సున్నా కాదన్నరు. కింది లైన్ల సున్నా అంటున్రు. నడుమ ఎప్పుడు సున్నా అయింది సార్?"

నాకు తెలియదు. (ఎమ్మెస్సీ ఫస్ట్ క్లాసే, కానీ ఆ ప్రశ్న నాకెన్నడూ తట్టలేదు.) "అది సిలబస్‌ల లేదమ్మా, కూసో" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల తల వంచుకుని కూర్చుంది.

ఆ వంచిన తల నన్ను నిద్రపోనివ్వలేదు. నాలుగు రోజులు ఊరి నుంచి కాలేజీకి పోయే బస్సులో పుస్తకం పట్టుకు కూర్చున్నాను. (ఒకసారి బస్సు మారాల్సిన మిర్యాలగూడలో దిగడం మరిచి వాడపల్లిలో తేలాను.) ఐదో రోజు తలుపులు బార్లా తీసి, గొంతెత్తి చెప్పాను: "మొన్న నాకు తెల్వక కూసోబెట్టిన. హెచ్ ఎన్నడూ సున్నా కాదు, దగ్గరికి పోతనే ఉంటది. అట్ల పోతుంటే మన భిన్నం ఏ విలువకు ఎంతంటే అంత దగ్గరైతదో, గదే జవాబు." రెండు పీరియడ్లు పట్టింది. జీవితంలో మొదటిసారి లెక్క చెప్పాననిపించింది.

సాయంత్రం ప్రిన్సిపాల్ పిలిచాడు. "పది నిమిషాల లెక్కకు రెండు పీరియడ్లా సారూ? పైగా తెల్వదని పిల్లల ముందట ఒప్పుకుంటరా?" ఆ సెక్షన్ ఇంకో సారుకిచ్చి నన్ను వారం వారం పెట్టే పరీక్షలకు కాపలా పెట్టాడు.

నెల తర్వాత వరండాలో ఆ పిల్లను అడిగాను, ఇప్పుడైనా అర్థమైందా అని. "మీరు చెప్పిన్నాడే అయింది సార్. కానీ గట్ల రాస్తే కొత్త సారు మార్కులు కోసిండు. ఇగ ఆయన రాసినట్టే రాస్తున్న."

ఇప్పుడు సూర్యాపేటలో పని చేస్తున్నాను. ఏడాదికొకరైనా ఆ ప్రశ్న అడుగుతారు. బెల్లు కొట్టాక, తలుపు దగ్గరగా వేసి, మెల్లగా చెబుతాను. అప్పుడు ఆ ఇరవై మూడేళ్లవాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. పిచ్చోడు, ప్రిన్సిపాల్ కూడా విని సంతోషిస్తాడనుకున్నాడు.