రేడియేటర్లో పోసిన సముద్రం

మా చిన్న ట్రక్కుతో పాటు ఇచ్చిన వారంటీ పుస్తకానికి మా నాన్న పసుపు రాసి, బొట్టు పెట్టి, దేవుడి పటాల పక్కన పెట్టాడు. ఏడాదిలోపు ఇంజను పాడైతే కంపెనీయే బాగుచేయిస్తుందని అందులో ఉన్నట్టు చదివి చెప్పింది నేనే. ఎప్పుడు చేయించరో వెనక పేజీల్లో చీమల్లాంటి అక్షరాల్లో ఉంది. అంతవరకు చదివే ఓపిక ఆ రోజు నాకు లేకపోయింది.

రెండు వేల సంవత్సరం దాటాక నాలుగైదేళ్ళకు జరిగిన సంగతి ఇది. వలలు లాగి లాగి నాన్న కుడి భుజం పాడైంది, చెయ్యి తలదాకా లేచేది కాదు. అందుకే బోటులో తన వాటా వదులుకుని ఆ బండి తీసుకున్నాడు. ఫిషింగ్ హార్బర్లో చేపలు ఎక్కించుకుని భీమిలి మీదుగా ఆనందపురం చేర్చడం పని. ఇంటర్ అయి ఖాళీగా ఉన్నాను కాబట్టి నేనూ వెళ్ళేదాన్ని. "ఇంక సంద్రం మీదకి ఎల్లను" అని అమ్మకు మాట ఇచ్చాడు. అమ్మ ఆ మాట పేటంతా చెప్పుకుంది.

బండి వచ్చిన ఏడో నెలలో రేడియేటర్ కారడం మొదలైంది. బండి కొన్నచోటే, వాళ్ళ షెడ్డులోనే ఇచ్చాం. కొత్త గొట్టం వేశారుగానీ దాని క్లిప్పు సరిగ్గా బిగించలేదు. మర్నాడు భీమిలి దారిలో, బండి నిండా చేపలుండగా, ముందునుంచి ఆవిరి లేచింది. నీళ్ళన్నీ రోడ్డుపాలయ్యాయి.

నాన్న క్లిప్పు బిగించి, బకెట్టు తీసుకుని రోడ్డు పక్కనే ఉన్న సముద్రపు ఇసకలోకి దిగాడు. ఆయన ఇరవై ఏళ్ళు తిరిగిన బోటు ఇంజను సముద్రపు నీళ్ళతోనే చల్లబడేది. ఆయనకు తెలిసిన ఇంజను అదొక్కటే.

"ఉప్పునీళ్ళు కదా నాన" అన్నాను.

"గంగమ్మ నీళ్ళే గుంటా, ఏటవుద్ది?"

సైన్సు చదివిన మహా పండితురాలిని, రెండో బకెట్టు నేనే మోసుకొచ్చాను.

గొట్టం ఇంకా కొద్దికొద్దిగా కారుతూనే ఉంది. తగ్గినప్పుడల్లా అక్కడే ఆగి పోసుకునేవాళ్ళం. పదిహేను రోజులకు ఇంజను పట్టేసి ఆగిపోయింది.

షెడ్డులో విప్పితే లోపలంతా తెల్లటి ఉప్పు. తప్పు తమ క్లిప్పుదేనని షెడ్డువాళ్ళకు తెలుసు, అందుకే మెత్తగా మాట్లాడారు. కంపెనీ నుంచి ఆఫీసరు వచ్చి చూసి రాస్తే చాలు, కొత్త ఇంజను వస్తుందన్నారు. ఆయన వచ్చే ముందురోజు నాన్నకు నేను పాఠం చెప్పాను, బోరింగు నీళ్ళు పోశామని చెప్పమని. మా పేటలో బోరింగు నీళ్ళూ ఉప్పగానే ఉంటాయి. ఆ అబద్ధం నిలబడేది. ఇప్పటికీ అదే అంటాను.

ఆఫీసరు మంచివాడే. జవాబు తనే అందించాడు. "బోరు నీళ్ళు పోశారా?"

"కాదు బాబూ. సంద్రం నీళ్ళు. నానే పోసాను."

ఆయన నాన్నను ఓసారి చూసి, కాగితం మీద రెండు లైన్లు రాశాడు. ఆ తర్వాత క్లిప్పు మాట ఎవరూ ఎత్తలేదు. నేను ఎత్తితే, "సముద్రపు నీళ్ళకు వారంటీ లేదమ్మా" అని వెనక పేజీ తీసి చూపించారు.

బస్టాపులో నాన్న మీద విరుచుకుపడ్డాను. నలుగురూ చూస్తున్నారని కూడా చూసుకోలేదు. "ఒక్క అబద్ధం ఆడలేపోయావా? అమ్మకేటి సెప్తావు? హరిశ్చంద్రుడి మనవడివా?"

నాన్న కుడి భుజాన్ని ఎడంచేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"రేపు ఆ తల్లి మీదకే ఎల్లాలి కదే. ఆ నీళ్ళు పోసి, పొయ్యలేదని ఏ మొకం పెట్టుకుని ఎల్తాను?"

ఆ రోజు షెడ్డుకు రాకముందే, తెల్లారగట్ల హార్బర్‌కు వెళ్ళి, ఎవరిదో బోటులో కూలికి ఒప్పుకుని వచ్చాడట.