కత్తెరక్క అడిగిన కుప్పి

ఉద్యోగంలో చేరిన ఆ కొత్తలో నాకో గుడ్డి నమ్మకం ఉండేది: ఇద్దరికీ తెలుగు వస్తే చాలు, ఒకరి మాట ఒకరికి అర్థమైపోతుందని. రాజమండ్రి నుంచి చెన్నై వచ్చి, పురసవాక్కంలో ఒక డిజైనర్ దగ్గర బొమ్మలు గీసే పనికి కుదిరాను. నాటకాలకు దుస్తులు, సెంటు కంపెనీలకు సీసాలు, రెండూ ఆవిడే డిజైన్ చేసేది. తరతరాలుగా ఆ ఊళ్ళోనే ఉన్న తెలుగావిడ. మేం పెట్టుకున్న పేరు కత్తెరక్క (బట్టనైనా, ఎదుటివాళ్ళ మాటనైనా మధ్యలో కత్తిరించేది). మూడు నెలలు చూసి ఉంచుకుంటానంది. ఉంచుకోకపోతే ఇంటికి వచ్చెయ్యమని నాన్న ముందే చెప్పేశారు, "బొమ్మలు గీయడం కూడా ఒక ఉద్యోగమేనా" అన్న ప్రశ్నతో సహా. మూడో నెల సగమైనా నేను గీసినది ఒక్కటీ గడప దాటలేదు.

ఆ వారం నాటకంలో రాణి వేషానికి జడ కొసన కట్టే నగ గీయమంది. ఇంకేం, జడకుప్పెలు! చిన్నప్పుడు పండగలకు అమ్మ తన కుప్పెలు మూడూ నా జడకు కట్టేది. పరిగెత్తితే నడుం మీద టపటపా కొట్టుకునేవి. వాటినే తలుచుకుని ముచ్చటపడి గీశాను. (అప్పటికి నాది భుజాలు కూడా తాకని క్రాపు.)

మర్నాడు సెంటు కంపెనీ ఓనరుతో టి. నగర్‌లో కూర్చున్న అక్క ఫోన్ చేసింది.

"ఏమ్మే, ఆ కుప్పి బొమ్మ ఉండాదే, సీక్రం సారు నంబరుకు పంపు. ఈడ కాసుకోని ఉండారు."

"రాణి కుప్పెలేనా అక్కా?" అని అడిగేలోపే కత్తిరించేసింది. సెంటాయనకు జడకుప్పెలెందుకని అనుమానం రాకపోలేదు. పెద్దవాళ్ళ వ్యాపారాలు మనకెందుకని ఫొటో తీసి పంపేశాను. అక్కడి మాటలో కుప్పి అంటే సీసా అని, అక్క అడిగింది తను గీసి బల్ల మీద పెట్టిపోయిన సెంటు సీసా బొమ్మనని, జడకుప్పెల్ని కుంజలం అంటారని నాకు చెప్పిందెవరు?

కాసేపటికి మళ్ళీ ఫోన్. ఈసారి ఓనరు గొంతు కూడా వినపడుతోంది. "ఏందిమా ఇది, మూడు కుప్పిలు దారంతో కట్టినారు? ఒకటి కొంటే రెండు ఫ్రీయా?"

నేను మనసులో సంచి సర్దేసుకున్నాను. నాన్న ఏమంటారో కూడా వినపడిపోయింది.

అంతలో ఆయనే, "షేపు బాగుండాదే! ఒకటి తుంచి, నిలబడేట్టు చెయ్యండి" అన్నాడు.

సాయంత్రం అక్క తిరిగొచ్చి, నేను జరిగింది చెప్పుకుని, ఊరికి వెళ్ళిపోతానంటుంటే ఒక్కసారి కూడా కత్తిరించలేదు. చివర్న, "ఎవురివి ఆ కుప్పెలు?" అంది.

"మా అమ్మవక్కా."

"అడుగు చదును చేసి గీయి. ఇంక ఊరికి పొయ్యే మాట ఎత్తబాక."

ఆ సీసా అంగళ్ళలోకి వచ్చింది. అట్టపెట్టె మీద నా పేరు లేదనుకోండి. ఎవరి పేరూ ఉండదు. మొన్న అమ్మ మా ఇంటికొచ్చి, అరలో ఉన్న సీసా తీసి, వాసన చూడకుండా చేతిలో అటూ ఇటూ తిప్పింది.

"ఇదొక్కటే ఉందేమిటే? మిగతా రెండూ ఎక్కడ పారేశావ్?"

నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాను. ఫోన్ పట్టుకుని మనసులో సంచి సర్దుకున్న ఆ క్రాపుపిల్లకు ఈ మాట వినిపించాలనిపించింది. ఇప్పుడు నేనూ సీసాను కుప్పి అనే అంటున్నాను. అమ్మ దగ్గర మాత్రం కాస్త చూసుకుని.