మామ్మ చేతిమీది అచ్చరాలు

పోయిన మంగళవారం పొద్దున్న మా మామ్మ పోయింది. రంగూను నుంచి ఏరు దాటి దలాలో పిల్లలకి లెక్కలు చెప్పడానికి బయల్దేరి పడవ రేవులో ఉన్నాను, తమ్ముడు ఫోన్ చేశాడు. మామ్మంటే మా నాన్నని కన్నతల్లి. తొంభై దగ్గర పడ్డాయి, నిద్రలోనే పోయింది, అదృష్టవంతురాలన్నారంతా. నాకు మాత్రం ముందు ఆ చెయ్యి గుర్తొచ్చింది.

ఎడమ మోచేతి కింద పచ్చబొట్టు. నాలుగక్షరాలు, ఇండియాలో వాళ్ల ఊరి పేరు. యుద్ధంలో రంగూను మీద జపాను బాంబులు పడి జనం కాలినడకన ఇండియాకి బయల్దేరినప్పుడు వాళ్లమ్మ పొడిపించిందట, గుంపులో తప్పిపోతే ఎవరో ఒకరు చదివి ఇంటికి చేరుస్తారని. దారిలో ఆ తల్లే కలరాతో పోయింది. వెనక్కి తిరిగినవాళ్లు ఆరేళ్ల పిల్లని మళ్లీ రంగూనుకే తెచ్చేశారు. ఇక్కడే చిమిండైంగ్ పేటలో పెరిగింది, పెళ్లాడింది, మమ్మల్నందర్నీ పెంచింది. ఊరు మాత్రం చూడనేలేదు.

బుగ్గలకి బర్మా ఆడవాళ్లు పూసుకునే తనకా గంధం, నుదుట కుంకుమ. బజార్లో బేరం బర్మా భాషలో, ఇంట్లో తిట్లు తెలుగులో. తనకి చదువు రాదు, ఆ నీలం గీతలు ఇంకా అక్షరాలుగానే ఉన్నాయో లేదో తెలిసేది కాదు. అందుకే ఉండుండి చెయ్యి చాపేది. "సూడే, అచ్చరాలున్నాయేటి?" ఉన్నాయంటే చాలు, అయితే దారుంది అని లేచి పనిలో పడేది.

నా పద్నాలుగో ఏట బళ్లో నాతో చదివే బర్మా పిల్ల ఇంటికొచ్చింది. ఆ చెయ్యి చూసి, పశువులకి వేసే గుర్తులా ఉందని నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. సరిగ్గా అప్పుడే మామ్మ చెయ్యి చాపింది.

"లేవు. ఎప్పుడో చెరిగిపోనాయి," అన్నాను.

అప్పటికి నాకు తెలుగు చదవడం రాదు గానీ, కళ్లముందు నీలంగా కనపడుతూనే ఉన్నాయి. మామ్మ బొటనవేలితో ఓసారి రుద్దుకుని చెయ్యి వెనక్కి తీసుకుంది. మర్నాటి నుంచి పొడుగు చేతుల జాకెట్టే, నీళ్ల పండగ ఎండల్లో కూడా. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. ఆ దారి మూసేసింది నేనే. తర్వాత గుళ్లో ఆదివారం బడికెళ్లి తెలుగు నేర్చుకున్నాను, కానీ చెయ్యి చూపించమనడానికి మొహం చెల్లలేదు. రేపడుగుతాను, ఎల్లుండడుగుతాను అనుకుంటూ ఇరవయ్యేళ్లు గడిపేశాను, సిగ్గులేనిదాన్ని.

ఆఖరి స్నానానికి మా అత్త మామ్మ జాకెట్టు విప్పింది. అక్షరాలు కాస్త లావెక్కాయి, అంతే. రేగుపేట. మొదటిసారి చదివాను. చెవి దగ్గరికి వంగి, "ఉన్నాయి మామ్మా," అన్నాను. ఇప్పుడని ఏం లాభం?

అత్త అలవాటుకొద్దీ మళ్లీ పొడుగు చేతుల జాకెట్టే తెచ్చింది. నేను వద్దని, పెట్టె అడుగున వెతికి పొట్టి చేతులది తొడిగాను. దుప్పటి కప్పాక ఎడమ చెయ్యి బయటికి తీసి, అక్షరాలు పైకి కనపడేలా పెట్టాను. పాడె వీధి మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి నాకు కనపడుతూనే ఉంది.