స్విచ్ ఆగిన పదకొండు నిమిషాలు

పోయినవి ముందు చెబుతాను. ఇరవై నాలుగు డిస్కుల్లో మూడు. వాటి మీదున్న స్కాన్‌లు, జాబితా ప్రకారం 1,316 మందివి. మా మేనేజరుకు నా మీదున్న నమ్మకం. దయ్యాల మీద నమ్మకం మాత్రం పోలేదు, ఎందుకంటే అది నాకు ఎప్పుడూ లేదు. ఇప్పుడూ లేదు. ఇది చదివి "ఇంకేం, దయ్యమే" అనేవాళ్లకు నా జవాబు, కాదు. "లెక్క తప్పి ఉంటావు" అనేవాళ్లకూ అదే జవాబు.

నాకు యాభై ఒకటి. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకుంటాను. ఇంటర్ తప్పాను. ఈ పని ఎవరూ నేర్పలేదు, మాన్యువల్ పక్కన డిక్షనరీ పెట్టుకుని నేర్చుకున్నాను. లెక్క మాత్రం మా బాపు నేర్పాడు. ఆయన సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసేవాడు. పోగులు ఎడమ నుంచి ఆయన, కుడి నుంచి మా అమ్మ లెక్కపెట్టేవారు. ఇద్దరి లెక్కా ఒక్కటైతేనే సాంచా నడిచేది. అందుకే నేనూ ఏ జాబితానైనా పైనుంచి ఒకసారి, కిందినుంచి ఒకసారి చూస్తాను.

మా ఆసుపత్రి వాళ్లు ఆదిలాబాద్‌లో మూతపడిన ఒక చిన్న ఆసుపత్రిని కొన్నారు. అక్కడి పాత స్కాన్‌లున్న డిస్కుల పెట్టె, దాన్ని సర్వర్‌తో కలిపే స్విచ్ అనే చిన్న యంత్రం వ్యానులో మా దగ్గరికి వచ్చాయి. దారిలో ఏ కుదుపుకో మూడు డిస్కులు దెబ్బతిన్నాయి, కరెంటు ఇచ్చినా తిరగలేదు. వాటి మీద ఎవరెవరి స్కాన్‌లున్నాయో పెట్టెను మా సర్వర్‌తో కలిపితే గానీ తెలియదు. కలపాలంటే మా స్విచ్, ఆదిలాబాద్ స్విచ్ ఒకదాన్నొకటి ఒప్పుకోవాలి. మధ్యలో కేబుల్ పెట్టాను. పచ్చలైటు వెలిగింది. రెండూ కలవలేదు.

అందులో వింతేమీ లేదు. ఒక్కో స్విచ్‌కు ఇంటి నంబరు లాంటిది ఒకటుంటుంది, అది వేరువేరుగా ఉండాలి. జవాబు కోసం ఎంతసేపు ఆగాలి వంటి మరికొన్ని అంకెలు రెండింట్లోనూ ఒకటే ఉండాలి. ఏ ఒక్కటి తేడా వచ్చినా పక్కపక్కనే ఉండి పలకరించుకోవు.

ఆ రోజు గురువారం. చెన్నూరు నుంచి నర్సవ్వ వచ్చింది. అరవై దాటింది, బీడీలు చుడుతుంది. తలలో గడ్డ ఉంది. ఆ ఉదయం తీసిన కొత్త స్కాన్‌ను రెండేళ్ల కిందట ఆదిలాబాద్‌లో తీసిన దానితో పోల్చి చూడాలి. గడ్డ పెరిగితే తల తెరవాలి, పెరగకపోతే ఇంటికి పంపొచ్చు. ఆమె దగ్గరున్న ఫిల్ము ఇంట్లోకి వాననీళ్లు వచ్చినప్పుడు పాడైంది. పాత రిపోర్టులో "చిన్న గడ్డ" అని ఉంది, కొలత లేదు. గురువారాలు మాత్రమే వచ్చే డాక్టరు మధ్యాహ్నం రెండు గంటలకు బయల్దేరతాడు. పాత స్కాన్ దొరక్కపోతే తన వెంట హైదరాబాద్ తీసుకెళ్లి ఆపరేషన్ చేస్తానన్నాడు.

నర్సవ్వ నేరుగా నా గది తలుపు దగ్గరికే వచ్చింది.

"ఏం సారూ, నా తలకాయ గా డబ్బల ఉన్నదట. జర తీసియ్యరాదూ."

"తీస్తున్న అవ్వా. జర ఆగు."

"నేను ఆగుతనే ఉన్న. కత్తి వట్టుకున్నోడు ఆగుతడా?"

రెండు స్విచ్‌ల సెట్టింగులను నోట్‌బుక్కులో రెండు వరుసలుగా రాసుకున్నాను. పైనుంచి చూస్తే అన్నీ సరిపోయాయి. అక్కడే నా తప్పుంది. జవాబు కోసం ఆగే సమయాన్ని ఎవరూ ముట్టుకోరనుకుని, చదవకుండానే టిక్కు పెట్టాను. కిందినుంచి పైకి వస్తుంటే దొరికింది. మాది 2,000. ఆదిలాబాద్‌ది 5,000. అంటే మాది రెండు సెకన్లు ఆగుతుంది, అది ఐదు. ఎవరు, ఎందుకు అలా పెట్టారో తెలియదు.

ఆ అంకె మార్చాలంటే ముందు, కరెంటు తీయకుండానే, ఆ స్విచ్ పనిని ఆపాలి. పన్నెండు యాభై రెండుకు ఆపాను. కేబుళ్లు పెట్టే చోట లైట్లన్నీ ఆరిపోయాయి. రెండింటి మధ్య కేబుల్ కూడా పీకేశాను.

పన్నెండు యాభై ఆరుకు స్కాన్ గది టెక్నీషియన్ రహీం ఫోన్ చేశాడు.

"అన్నా, వచ్చింది! అవ్వ పాత స్కాన్. డాక్టర్ సాబ్ చూస్తుండు."

"ఏడికెల్లి వచ్చిందిరా? నేను స్విచ్ బందు పెట్టిన."

"నాకేం తెల్సన్నా? పేరు కొట్టిన, వచ్చింది. నూట ఎనభై నాలుగు బొమ్మలు. మీరే తెచ్చిండ్రనుకున్న."

కేబుల్ చేతిలోనే ఉంది, అలాగే స్కాన్ గదికి పరిగెత్తాను. తెర మీద నర్సవ్వ పేరు, వయసు, రెండేళ్ల కిందటి తేదీ, మూలన ఆదిలాబాద్ ఆసుపత్రి పేరు. డాక్టరు కొలిచాడు. పాతది తొమ్మిది మిల్లీమీటర్లు. కొత్తదీ తొమ్మిదే. కాగితం మీద రెండూ రాసి సంతకం చేశాడు. "పెరగలేదు. ఇంటికి వెళ్లొచ్చు" అన్నాడు. అదంతా చూశాకే వెనక్కి వచ్చాను.

అంకె మార్చి, కేబుల్ పెట్టి, ఒంటిగంట మూడు నిమిషాలకు స్విచ్ వేశాను. ఈసారి రెండూ కలిశాయి. అదే స్కాన్ మళ్లీ తెరవమని రహీంకు చెప్పాను. దొరకలేదన్నాడు. సాయంత్రానికి, తిరగని మూడు డిస్కులతో పాటు పోయిన స్కాన్‌ల జాబితా బయటికొచ్చింది. 1,316 పేర్లు. 702వ పేరు నర్సవ్వది.

అంటే ఆ స్కాన్ రావడానికి దారి లేదు. దారి ఉన్నా, అది ఉన్న డిస్కు తిరగదు.

మీకు తోచేవన్నీ నాకూ తోచాయి. స్విచ్ గడియారాన్ని, రహీం కంప్యూటరు గడియారాన్ని పోల్చాను, తేడా నలభై సెకన్లు. అది తీసేసినా స్కాన్ తెరిచిన సమయం స్విచ్ ఆగిన పదకొండు నిమిషాల్లోనే పడుతుంది. రహీం కంప్యూటరు కొని రెండు నెలలే, అందులో పాత కాపీ ఉండే వీల్లేదు. మా సర్వర్‌లో ఆ పేరుతో ఇంకొకరు లేరు. ఆదిలాబాద్ నుంచి వచ్చిన చేతిరాత రిజిస్టరు తీశాను. ఆమె పేరుకు ఎదురుగా బొమ్మలు 184 అని ఉంది.

మేనేజరు ఒక కాగితం టైపు చేయించి నా ముందు పెట్టాడు.

"స్విచ్ బందు పెట్టిన టైమ్ తప్పు రాసిన అని సంతకం పెట్టండి. అయిపోతది."

"తప్పు రాయలేదు సార్."

"మరి దయ్యం తెచ్చిందని రాస్తరా?"

"అదీ రాయను."

"అయితే ఏం రాస్తరు?"

"తెల్వదు అని రాస్త."

ఆ మాట మీద సంతకం ఆయన తీసుకోలేదు. ఇంకో మాట మీద నేను పెట్టలేదు. ఆ తర్వాత స్విచ్‌ల గది తాళం నాకు ఒంటరిగా ఇవ్వడం మానేశారు. ఫికర్ లేదు.

ఆరునెలలకు నర్సవ్వ మళ్లీ వచ్చింది. గడ్డ తొమ్మిది దగ్గరే ఉంది. రహీం అంతా చెప్పినట్టున్నాడు, వెళ్తూ నా గదిలోకి తొంగిచూసింది.

"ఇంక దొర్కలేదా సారూ, గా పాత స్కాను?"

"లేదవ్వా."

"దొరకకుంటేంది? సూడాల్సినోడు సూసిండు గద."

ఆమెకు అంతే చాలు. నాకు చాలదు. పోయిన స్కాన్‌లు ఎందరివి అనే గడి నా జాబితాలో ఇంకా ఖాళీగానే ఉంది. 1,316 అని రాస్తే డాక్టరు కొలిచింది అబద్ధమవుతుంది. 1,315 అని రాస్తే తిరగని డిస్కు అబద్ధమవుతుంది. పైనుంచి చూశాను, కిందినుంచి చూశాను. రెండు లెక్కల మధ్య తేడా ఈ రోజుకీ ఒకటి.